పంపు ఆపిన శుక్రవారం

“నేను అన్లే సార్.”

గీ ఒక్క మాటను ఇన్నేండ్ల సంది మోస్తున్న. అన్నప్పుడు నోట్లె నుంచి ఎంత అల్కగ వచ్చిందో, ఇప్పుడు గంత బరువుగ లోపల కూసున్నది. కక్కుదామంటే రాదు, మింగుదామంటే పోదు. గా మాట వల్ల ఒక మనిషి కొలువు పోయింది. అది ఒక ఎత్తు. ఒక తండ్రి సొంత కొడుకుతోని మాట బంద్ చేసిండు. అది ఇంకో ఎత్తు. నా పెండ్లానికి చెప్పలే. దోస్తులకు చెప్పలే. భద్రాచలం పోయిన ప్రతిసారి దేవుని ముంగట గూడ అదొక్కటి తప్ప మిగిలినవన్ని చెప్పుకొని వచ్చిన. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. పేరు మాత్రం అడగకుండ్రి. పేరు పెట్టుకునే ధైర్యమే ఉంటే ఇదంతా రాసే పని పడకపోవు.

ఇంకోటి ముందే చెప్తున్న, నాకు కోపమెక్కువ. రాసుకుంట రాసుకుంట నా మీద నాకే చిరాకు లేస్తది. మధ్యల తిట్టుకుంట. ఏమనుకోకుండ్రి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల ముచ్చట ఇది. మాది పెనుబల్లి. డిప్లొమా చేసి పట్నంల ఒక సర్వే ఆఫీసుల కుదిరిన. మా పనేందంటే బొగ్గు బాయిలల్ల దిగి, గోడ అవతల ఏమున్నదో చెప్పుడు. కారేపల్లికీ జూలూరుపాడుకూ నడుమ, అడివి అంచున ఒక బాయి ఉండె. దాంట్ల ఒక దిక్కు బొగ్గు పొర మంచిగ పోయి పోయి ఒక్కసారి తెగింది. తెగినకాడ అంతా రాయే. ఆ రాయి ఎనక మళ్ల బొగ్గున్నదా, లేదా? ఉంటే బాయి ఇంకొన్నేండ్లు నడుస్తది. లేకుంటే మూసుడే. అది తేల్చి చెప్పమని మమ్ముల పిలిచిండ్రు.

ఎట్ల తేలుస్తమంటే, బొగ్గు గోడకు వరుసగ చిన్న చిన్న బొక్కలు కొట్టి వాటిల జియోఫోన్లు బిగిస్తం. బాయిల పనిచేసెటోళ్లు వాటిని ‘చెవులు’ అనెటోళ్లు. అది మా పేరుకన్న మంచి పేరు. దూరంగ ఇంకో గ్యాలరీల, అంటే బొగ్గు తీసిన సొరంగంల, జరంత మందు పేలుస్తం. ఆ అదురు బొగ్గుల పడి పోయి, తెగినకాడ తట్టుకొని ఎనకకొస్తది. చెవులు విన్నదంతా నా కాడున్న పెట్టెల గీతలు గీతలుగ పడ్తది. కుండ కొనేటప్పుడు ఏలితోని కొట్టి చూస్తం గద, పగిలిందా లేదా అని. గంతే. గీతలు చూసి మా పెద్దసారు లెక్కగట్టి చెప్తడు.

గని దీనికి నిశ్శబ్దం కావాలె. బెల్టు ఆగాలె, డ్రిల్లింగు ఆగాలె, మనిషి అడుగు తీసి అడుగు వెయ్యొద్దు. అన్నిటినీ ఆపిచ్చిండ్రు. ఆగనిది ఒక్కటే. పంపు.

బాయిల అన్నిటికన్న లోతున్నకాడ నీళ్లు ఊరుతనే ఉంటయ్. వాటిని పైకి తోడే పంపు పొద్దూ మాపూ నడవాలె. మా చెవులు బిగిచ్చింది సరిగ్గ ఆ పంపు పక్కన్నే. అది గుర్రుమన్నప్పుడల్ల నేల వణుకుతది, నేలతోపాటు బొగ్గు, బొగ్గుతోపాటు నా గీతలు. ఎన్నిసార్లు పేల్చినా అదే. రాయి మాట వినపడది, బొగ్గు మాట వినపడది, పంపు మాట ఒక్కటే. లోపల షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్‌ను కాళ్లావేళ్లా పడి బతిలాడితే, దయదల్చి జరసేపు ఆపనిచ్చెటోడు. నేను వైర్లు సర్దుకునే లోపల్నే “అయిపాయెనా? పెట్టు, పెట్టు” అని మళ్ల నడిపిచ్చెటోడు. పైకి ఎక్కంగనే పెద్దసారు ఫోను. “ఒక్క మంచి రికార్డు తేలేవా? పిక్నిక్కు పోయినవా ఆడికి?” ఒళ్లంతా బొగ్గు, చెవులల్ల పంపు, పైన ఈ మాటలు. నాకు పిచ్చి లేసెడిది. అన్నం తింటున్నా గుర్రుమనుడే, పండుకున్నా గుర్రుమనుడే.

ఆ పంపు నడిపెటోడు ఖాజా. ఇంచుమించు నా ఈడోడే. వాళ్ల నాయన యాకూబ్ మియా గూడ అదే పంపు మీద పనిచేసిండు. పెద్దాయనకు దమ్ము పట్టి, పనికి పనికిరాడని డాక్టర్లు చెప్పంగ, కొలువు కొడుక్కొచ్చింది. కొలువుతోపాటు ఒక పద్ధతి గూడ వచ్చింది. పంపు కాడ షిఫ్టు మారేటప్పుడు, కొత్తగ వచ్చినాయన పంపు మీద చెయ్యేసి ‘నాది’ అనాలె. అన్నంకనే పాతాయన లేవాలె. ఇది ఏ రూలు పుస్తకంల లేదు. యాకూబ్ మియా పెట్టిన పద్ధతి. ఆయన సర్వీసంతల ‘నాది’ అనే మాట వినకుండ ఒక్కసారి గూడ లేవలేదని ఖాజా చెప్పెటోడు. చెప్పేటప్పుడు చాతి ఇంత ఉబ్బెడిది. నాకేమో లోపల నవ్వు. పంపుకు గింత మర్యాదేంది అనుకునెటోణ్ణి.

శుక్రవారాలు ఖాజా జుమ్మా నమాజుకు ముందుగ పైకి పోయెటోడు. వాళ్ల ఊరి రాజయ్య అని ఇంకో పంపు మనిషి వచ్చి, ఆయన బదులు కూసునెటోడు. ఓవర్‌మెనుకు తెలుసు, చూసీ చూడనట్టు ఉండెటోడు. ఆ శుక్రవారం రాజయ్య నాగా పెట్టిండు. ఖాజా ఒకటే పరేషాన్. లేస్తడు, కూసుంటడు, దారి దిక్కు చూస్తడు.

“రాజయ్య రాలే సాబ్. జుమ్మా పోతది,” అన్నడు.

“నువ్వు పో. నేనుంట.”

“మీరా? మీకెందుకు సాబ్ ఈ పని?”

“నేనెటూ ఈడనే ఉన్న గద. రెండో షిఫ్టాయన వచ్చిందాక చూస్త.”

“ఆపొద్దు సాబ్. జరంత ఆపినా ఎంటనే పెట్టాలె. నీళ్లు మనకోసం ఆగయ్.”

“నాకు చెప్తున్నవా? పో, జల్దీ పో.”

పోలే. అట్లనే నిలబడి పంపును చూస్తడు, నా చేతిని చూస్తడు. అప్పుడు సమజైంది నాకు. పంపు మీద చెయ్యేసిన. “నాది,” అన్న. నవ్విండు. సలాం చెప్పి పోయిండు.

నేనెందుకు ఉంటనన్ననో తెలుసా? దోస్తుకు సాయం చేద్దామని కాదు. అట్ల రాస్తే మీరు నన్ను మంచోడనుకుంటరు, అందుకే రాస్త లేను. ఖాజా ఉంటే పంపును ఆపనియ్యడు. ఖాజా పోతే ఆపొచ్చు. గంతే. ఆయన నమాజు నాకు అక్కరకొచ్చింది.

ఆయన తల మీది దీపం మలుపు తిరిగిందో లేదో, పంపు బంద్ చేసిన.

ఆ నిశ్శబ్దం ఎట్ల చెప్పాలె మీకు? ఎక్కడో కప్పు నుంచి నీటి చుక్క పడే చప్పుడు గూడ వినొచ్చింది. గంట కొట్టిన. దూరంగ ఉన్న మందాయన పేల్చిండు. ఆయనకు పంపు సంగతి తెల్వదు, గంట వింటే పేల్చుడే ఆయన పని. పెట్టెల గీతలు పడ్డయ్. అబ్బ! ఒక్కొక్క గీత దువ్వినట్టు వచ్చింది. ఇంకోటి పేల్పిచ్చిన. ఇంకోటి. రాయికి తగిలి వచ్చిన అదురు సక్కగ కనపడ్తున్నది. దాని ఎనకంగ సన్నగ ఇంకోటి. అంటే రాయి అవతల బొగ్గున్నది! ఇన్నాళ్లు తిట్లు తిని తిని ఉన్నోణ్ణి, చిన్నపిల్లగాని తీరు ఎగిరిన. పెట్టె సంకల పెట్టుకొని పైకి ఉరికిన, సారుకు ఫోను చేద్దామని.

పంపు మళ్ల పెట్టలే.

మర్చిపోయిన అని చానేండ్లు నాకు నేనే చెప్పుకున్న. మనిషన్నంక మర్చిపోడా అని. అది గూడ అబద్ధమే. మీకు చెప్పకుంటే ఎవరికి చెప్త? సగం దారిల గుర్తొచ్చింది. ఆగిన గూడ. ఎనకకు తిరిగి ఆ లోతును చూసిన. మళ్ల దిగాలె, మళ్ల ఎక్కాలె. కాళ్లు గుంజుతున్నయ్. ‘రెండో షిఫ్టాయన రాంగనే పెడ్తడు తీ’ అనుకున్న. అనుకొని పైకి పోయిన. మర్చిపోయినోడు వేరు, గుర్తొచ్చి పోయినోడు వేరు. నేను రెండో రకం.

ఆ పొద్దు రెండో షిఫ్టాయనను ముందు ఇంకో పనికి పంపిండ్రు. ఆయన పంపు కాడికి వచ్చేసరికి మోటరు నీళ్లల్ల ఉన్నది. ఇంకో పంపు దించేసరికి ఆ లోతు పనిస్థలం మొత్తం మునిగింది. మనుషులెవరికి ఏం కాలే. మా పేలుళ్ల కోసం అందరినీ ముందే పంపిచ్చిండ్రు. అది అదృష్టం, నా మంచితనం కాదు. గని ఆడ పనిచేసెటోళ్లను తలో బాయికి బదిలీ చేసిండ్రు. నీళ్లల్ల మునిగిన మోటరును పైకి తెచ్చినంక, ఖాజా దాని పక్కన గొంతు కూసుని చూస్తుండె. ఇంట్ల మనిషి పోయినట్టు చూస్తుండె.

మేనేజరు ఆఫీసుల విచారణ. ఖాజా దీపం ముందుగ అప్పజెప్పి పోయిండని లాంపు రూమోళ్లు చెప్పిండ్రు. పంపు కాడినుంచి పోవుడే తప్పు, ఇంక వేరే సాక్ష్యమెందుకు? ఖాజా ఒకటే మాట. “సర్వే సాబు ఉంటనన్నడు సార్. పంపు మీద చెయ్యేసి నాది అన్నడు.” ఆడున్న క్లార్కు కిసుక్కున నవ్విండు. మేనేజరు నా దిక్కు తిరిగిండు. “అన్నవా?”

విచారణకు ముందు, పొద్దుగాల్నే మా పెద్దసారు ఫోను చేసిండు. ఆ గీతలు చూస్తే పంపు ఆగిందని ఆయనకు తెలుస్తది. ఆయన పంపు మాటే ఎత్తలే. “మంచి పని చేసినవ్. ఇప్పుడు లేనిపోని పంచాయతీల పడకు,” అన్నడు. కాంట్రాక్టు పోతదని ఆయన భయం. గని ఆయన మీద తోసేసి నేను తప్పిచ్చుకుంటనంటే కుదరదు. నోరు నాది. ఆ కుర్చీల కూసున్నది నేను. ఖాజా నా దిక్కు చూస్తున్నడు. భయంగ గాదు, ధీమాగ. సాబు చెప్తడు, అయిపోతది అన్న ధీమా. నాకు ఆ చూపు మీద కోపమొచ్చింది, నమ్ముతరా? ఎందుకంత నమ్ముతున్నవురా నన్ను, అని లోపల తిట్టుకున్న.

“నేను అన్లే సార్. మేము పేల్చే యాల్లకే పంపు ఆగి ఉన్నది.”

ఖాజా నా చేతి దిక్కు చూసిండు. గంతే.

కొలువు పోయింది. నాకేమో ఆఫీసుల శెభాష్ అన్నరు. నా గీతలను పెద్ద పెద్ద కాయితాల మీద తీసి గోడకంటిచ్చిండ్రు. బొగ్గు దొరికిందన్నరు. ఇంక ఆ బొగ్గు ఏమైందో చెప్తే మీకూ ఒళ్లు మండుతది. రాయిని తొలిచి పోవుడు దండగని, కొన్నాళ్లకు పైనుంచే తవ్వుడు మొదలుపెట్టిండ్రు. ఓపెన్ కాస్టు. ఇప్పుడు ఆడ బాయి లేదు, గ్యాలరీ లేదు, ఊరంత గుంత ఉన్నది. పైనుంచి తవ్వేదానికి నా గీతలు ఎవనికి కావాలె? ఏ రికార్డు కోసం పంపు ఆపిన్నో, ఆ రికార్డును ఎవడూ వాడలే. దేనికి చేసిన నేనిదంతా? ఎవల కోసం? తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపిస్తది. అయినా ఒకటి అడుగుత. అది అక్కరకొస్తే మాత్రం నా అబద్ధం నిజమైతుండెనా?

కొన్నేండ్లకు ఆ ఉద్యోగం ఇడిసిన. నిద్రల గూడ ‘అన్లే సార్’ అంటున్ననని నా పెండ్లాం చెప్పింది. ఏం అన్లేవు అని అడిగింది. ఏదో కల అన్న. ఇంక అయితలేదని ఒకరోజు బస్సెక్కి కారేపల్లి పోయిన. ఖాజా ఆడ మోటర్లకు వైండింగు చేస్తున్నడని తెలిసింది. ఇంటి ముంగట చిన్న రేకుల షెడ్డు, చుట్టూ రైతులు తెచ్చిపెట్టిన మోటర్లు. నన్ను చూసి లేచి నిలబడ్డడు. గడ్డం నెరిసింది.

“తప్పైంది ఖాజా. నేనే ఆపిన. నేనే అబద్ధమాడిన,” అన్న. బస్సుల అంతసేపు కూడబలుక్కున్న మాటలు, గబగబ అనేసిన.

ఖాజా చేతిల రాగి తీగ పక్కన పెట్టిండు. “ఇది నాకు తెలిసిందే గద సాబ్. నాకెందుకు చెప్తున్నవ్?” అన్నడు. మొదటిసారి నన్ను నువ్వు అన్నడు. “లోపల మా అబ్బా ఉన్నడు. ఆ రోజు సంది నాతోని మాట్లాడడు. నాకు ఏమన్న కావాలంటే నా పెండ్లాంతోని చెప్పిస్తడు. ఆయనకు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతడు.”

ఎంత నిజం! నా తప్పును, అది తెలిసిన ఒకే ఒక్క మనిషికి చెప్పనీకి గంత దూరం పోయిన. తెల్వాల్సినాయన గోడ అవతల ఉన్నడు.

లోపలికి పోయిన. యాకూబ్ మియా మంచం మీద ఒరిగి కూసున్నడు. దమ్ము ఎగపోస్తున్నడు. నేను పలానా అని ఖాజా పెండ్లాం చెప్పంగనే, పెద్దాయన లేవబోయిండు. నేను నోరు తెరిచే లోపల్నే నా చెయ్యి పట్టుకున్నడు.

“మీరే వచ్చిండ్రా సాబ్? మీకు మొకం ఎట్ల చూపియ్యాలె అని నేను ఏడుస్తున్న. నా కొడుకు తన తప్పు కప్పుకోనీకి మీ మీద ఏసిండు. పంపు ఇడిసిపెట్టిండు, అది ఒక తప్పు. పరాయి ఊరి పిల్లగాని మీద నింద ఏసిండు, అది ఇంకా పెద్ద తప్పు. వాడు అడగడు, మొండోడు. నేను అడుగుతున్న. మాఫ్ చెయ్యిండ్రి.”

రెండు చేతులు జోడిచ్చిండు. గడప మీద ఖాజా నిలబడి ఉన్నడు.

అప్పుడు చెప్పాలె. ఒక్క మాట చాలు. ‘మీ కొడుకుది తప్పు లేదు.’ గంతే, అంతకన్న చిన్న మాట లేదు. నాలుక మీదికి వచ్చింది గూడ. గని నా ముంగట ఒక పెద్దమనిషి చేతులు జోడిచ్చి ఉన్నడు. ఆ చేతులను చూసుకుంట ‘దొంగను నేను’ అని ఎట్ల అనాలె? లేదు, ఇది గూడ సాకే. అసలు సంగతి చెప్త. ఆయన అట్ల అడుగుతుంటే, ఒక్క గడియ నాకు హాయి అనిపిచ్చింది. తప్పు చేసినోడు వేరే ఎవడో, నేను గాదన్నట్టు. ఛీ! నా బతుకు పాడుగాను, గా హాయిని ఇడిసిపెట్టలేకపోయిన.

“ఏం కాదు పెద్దాయనా,” అన్న. “ఎప్పుడో మాఫ్ చేసిన.”

యాకూబ్ మియా కండ్లు తుడుచుకున్నడు. చాయ్ పెట్టమని కోడలికి చెప్పిండు. నేను కూసున్న, తాగిన. మీరు సక్కగనే చదివిండ్రు, తాగిన. ఖాజా గడప మీదినుంచి పోయిండు. బయట ఒక మోటరును గుంజే చప్పుడు వినొచ్చింది. నేను పోయేటప్పుడు తల ఎత్తలే. ఏమన్న అంటే బాగుండు, కాలరు పట్టుకొని రెండు తగిలిస్తే బాగుండు అనుకుంట బస్సు దాకా నడిచిన.

ఆ ఏడు వానలు తగ్గినంక పెద్దాయన పోయిండని తెలిసింది. పోయేముందు కొడుకుతోని మాట్లాడిండా? నాకు తెల్వదు. ఎవలను అడగాలె? ఏ మొకంతోని అడగాలె? మాట్లాడే ఉంటడు, తండ్రి గద, ఆఖరికి మనసు కరిగే ఉంటది అని ఒక్కోసారి అనుకుంట. అట్ల అనుకునే హక్కు నాకెవడిచ్చిండు?

మీరు నన్ను మాఫ్ చెయ్యాలని ఇది రాయలే. మీరు చెయ్యొద్దు. చేస్తే నేను ఆ రోజు చాయ్ తాగినట్టు, అది గూడ తీసుకుంట, నాకు తెలుసు. చెప్పాల్సినాయనకు చెప్పలే. ఎవలకో ఒకలకు నోరు తెరవాలె గద, తెరిచిన. ఊపిరి జర అందుతున్నది. ఇంకొక్కసారి, సాకులు లేకుండ రాస్త.

ఖాజా అబద్ధమాడలే. పంపు కాడ ఉంటనన్నది నేను. ఆపింది నేను. గుర్తొచ్చి గూడ ఎనకకు పోనిది నేను. అన్లేనన్నది నేను. ఆ ఇంట్ల కూసుని మాఫ్ చేసింది గూడ నేనే.